కుట్టు సెంటర్‌లో ఆడపిల్లలు మధ్యలో మానేయకుండా: నా అనుభవం

మా సెంటర్‌కు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఎనిమిదో తొమ్మిదో చదివి ఆపేసిన ఆడపిల్లలు. చేర్చుకోవడం కష్టం కాదు, మొదటి నెల దాటించడమే కష్టం. అప్పటిదాకా కాగితాలు కత్తిరించడం, పాత గుడ్డల మీద గీతలు కుట్టడమే. "ఇన్నాళ్ళు పోయి ఏం నేర్చావే?" అని ఇంట్లో అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే నేను జాకెట్టుతో మొదలుపెట్టను, చీర ఫాల్‌తో మొదలుపెడతాను.

దానికి ముందు కాలు కుదరాలి. మెషిన్ బెల్టు తీసేసి ఉత్త పెడల్ తొక్కిస్తాను. చక్రం వెనక్కి తిరిగితే దారం చిక్కుపడి తెగుతుంది, కొత్తవాళ్ళు హడలిపోయేది అక్కడే. తర్వాత దారం లేకుండా రూళ్ళ నోట్‌బుక్ కాగితం మీద సూది నడిపిస్తే, గీత మీదే పోతోందో లేదో చిల్లులు చూసి వాళ్ళే చెప్పేస్తారు.

ఫాల్‌ను ముందురోజే నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసుకోవాలి. నూలు ఫాల్ తడపకుండా వేస్తే మొదటి ఉతుక్కే కుంచించుకుపోయి చీర అంచును లాగేస్తుంది. ఆ చీర తెచ్చినామె మళ్ళీ మన గడప తొక్కదు. కట్టుచెంగు కొస నుంచి జానెడు వదిలి, చీర తిరగవైపున అంచుకు సమంగా ఫాల్ పెట్టి, కింద మెషిన్ కుట్టు, పైన చేత్తో హెమ్మింగ్. హెమ్మింగ్‌లో సూది చీర పోగు ఒక్కటే అందుకోవాలి. రెండు మూడు పోగులు పట్టిందంటే మంచివైపు చుక్కలు తేలతాయి. దారం రంగు చీరకు కలవాలి. ఇదంతా కుదిరాక బయట చీర ఇస్తాను. ఆ కూలి డబ్బులు పిల్ల చేతికే ఇవ్వాలి, సెంటర్ ఖాతాలో కలపకూడదు. నేను ఎంత చెప్పినా రాని ధైర్యం ఆ నోటు చూస్తే వస్తుంది.

తర్వాత ఆరు ముక్కల లోపలి లంగా. పైన చుట్టుకొలత 42 అంగుళాలు కావాలంటే ఒక్కో ముక్కకు 7, రెండు పక్కలా కుట్టుకు అరంగుళం చొప్పున కలిపితే 8. చాలామంది ఆ కుట్టు వదలడం మర్చిపోతారు. ఆరు ముక్కలకూ కలిపి 6 అంగుళాలు తగ్గి, లంగా నడుము దగ్గరే పట్టేస్తుంది. ఎందుకు పట్టేసిందో నేను చెప్పను, టేపు చేతికిచ్చి కొలవమంటాను. లెక్కలకు భయపడి బడి మానేసిన పిల్ల, ఛాతీ 34 అయితే నాలుగో వంతు ఎనిమిదిన్నర అని టేపు మీద వేలు పెట్టి చూపిస్తుంది. ఓపెన్ స్కూల్ మాట ఎత్తాల్సింది అప్పుడే. 14 ఏళ్ళు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. చేరినరోజే చదువు మాట ఎత్తితే మర్నాటి నుంచి రారు.

ఇంట్లోవాళ్ళతో మాట్లాడాల్సింది చాలావరకు అమ్మతోనే, అదీ సాయంత్రం పొయ్యి దగ్గర తీరిగ్గా ఉన్నప్పుడు. "అమ్మా, చీకటిపడకముందే పంపిస్తాం" అని మాటిస్తే, ఆ మాట ఒక్కరోజు కూడా తప్పకూడదు. మిరపకోతలప్పుడు పిల్లలు కూలికి పోకుండా ఆగరు, పేర్లు కొట్టేయకుండా మధ్యాహ్నం బ్యాచ్‌కు మార్చాలి. మరుగుదొడ్డికి గడియ, నీళ్ళు లేకపోతే నెలలో నాలుగైదు రోజులు హాజరు పడిపోతుంది. చెప్పుకోలేక ఏదో వంక చెబుతారు.

కాగితాల పని మొదటి వారంలోనే చూసుకోవాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, టీసీలో ఒకలా ఉంటుంది. పరీక్ష ముందు తెలిస్తే సర్టిఫికెట్ ఆగిపోతుంది. కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచే జన శిక్షణ సంస్థాన్ కోర్సుల్లో 15 ఏళ్ళు నిండినవాళ్ళకు చోటుంది, బ్యాంకులు నడిపే ఆర్‌సెటి శిక్షణకు 18 నిండాలి. ఒక కోర్సు అయిపోయి 18 నిండేదాకా ఆగే ఆ రోజుల్లో ఇంట్లో మెషిన్ లేని పిల్ల కుట్టడం మర్చిపోతుంది. వాళ్ళకోసం రోజూ మధ్యాహ్నం రెండు మెషిన్లు ఖాళీగా ఉంచుతాం, కోర్సు అయిపోయినా వచ్చి బయటి చీరలు కుట్టుకోవచ్చు.