డయల్ ఉత్తిదే, దడ మాత్రం తగ్గింది

మొదటిసారి దడ వచ్చినప్పుడు ఈసీజీ నార్మల్, గుండెపోటును పట్టే రక్తపరీక్ష ట్రోపోనిన్ నెగెటివ్. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ అన్నీ బాగానే ఉన్నాయి. క్యాజువాలిటీలో "గ్యాస్ అయ్యుంటుంది" అని పాంటాప్రజోల్ రాసి పంపారు. ఇంటికొస్తే అమ్మ "దిష్టి తగిలిందిరా" అని ఉప్పు, ఎండుమిర్చి తిప్పి పొయ్యిలో వేసింది. ఇంకో ఏడెనిమిది సార్లు వచ్చాక సైకియాట్రిస్టు పానిక్ డిజార్డర్ అని, అంటే ఉన్నట్టుండి విపరీతమైన భయం, దడ ముంచుకొచ్చే జబ్బని తేల్చారు. డిగ్రీ పిల్లలకు సైకాలజీలో నేను ఏటా చెప్పే పాఠమే. నా దాకా వచ్చేసరికి పోల్చుకోలేకపోయాను.

మా సిలబస్‌లో రిడక్షనిజం, హోలిజం అని ఒక పెద్ద ప్రశ్న ఉంటుంది. మనిషి ప్రవర్తనను నాడులు, రసాయనాల దాకా విడగొట్టి చెప్పాలా, మనిషిని మొత్తంగా చూడాలా? పిల్లలు రెండింటికీ చెరో పేజీ రాసి, చివర "రెండూ అవసరమే" అని ముగిస్తారు. మార్కులు పడతాయి. జబ్బు పడ్డవాడికి ఆ జవాబు ఎందుకూ కొరగాదు. ఏ మెట్టు దగ్గర పట్టుకుంటే చేతికి పట్టు దొరుకుతుందన్నదే వాడికి కావాలి.

కింది మెట్టు ఊపిరి. భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ పడిపోతుంది. రక్తం క్షారం వైపు మొగ్గి, అందులో విడిగా ఉండే కాల్షియం తగ్గుతుంది. వేళ్లలో, పెదాల చుట్టూ చీమలు పాకినట్టు ఉంటుంది. మెదడులోని రక్తనాళాలు సన్నబడి కళ్లు తిరుగుతాయి. గాలి చాలడం లేదనిపిస్తుంది గానీ ఆక్సీమీటర్ పెడితే 98 చూపిస్తుంది. అందుకే పక్కనున్నవాళ్లు "గట్టిగా ఊపిరి పీల్చు" అంటే వినకూడదు, ఇంకా ఎక్కువవుతుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో మామూలుగా తీసుకుని, ఆరు అంకెలు వదలాలి.

మందు ఎస్సిటలోప్రామ్, దిగులుకూ ఆందోళనకూ రోజూ వేసుకునే మాత్ర. మొదటి వారం 5 మి.గ్రా., తర్వాత 10. తక్కువతో మొదలుపెట్టడానికి కారణం ఉంది: తొలి పది రోజులు ఈ మందే దడను కాస్త పెంచుతుంది. చాలామంది అక్కడే మానేస్తారు. వికారం ఉంటే అన్నం తిన్నాక వేసుకోవాలి. గుణం నాలుగో వారానికి గానీ తెలియలేదు. నాలుగో నెలలో బాగుందని నా అంతట నేనే ఆపేశాను. మూడో రోజు తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టయింది. జబ్బు తిరగబెట్టిందనుకున్నాను, కాదు. మందు ఒక్కసారిగా ఆపితే అలాగే అవుతుంది. మళ్లీ మొదలుపెట్టి, బాగయ్యాక డాక్టరు చెప్పిన లెక్కన కొన్ని నెలల మీద తగ్గించుకుంటూ వచ్చాను.

ఇంతవరకూ రసాయనమే గెలిచినట్టుంది. 1967లో పిట్స్, మెక్‌క్లూర్ అనే పరిశోధకులు ఇలాంటి రోగుల నరంలోకి సోడియం లాక్టేట్ ఎక్కించి దడ తెప్పించారు కూడా. కానీ 1989లో శాండర్సన్, రేపీ, బార్లో చేసిన ప్రయోగం చూడండి. ఇరవైమంది పానిక్ రోగులకు 15 నిమిషాలు 5.5 శాతం కార్బన్ డై ఆక్సైడ్ కలిపిన గాలి పట్టించారు. లైటు వెలిగినప్పుడు డయల్ తిప్పి గ్యాస్ తగ్గించుకోవచ్చని అందరికీ చెప్పారు. సగంమందికే లైటు వెలిగింది. ఆ డయల్ దేనికీ కలిపి లేదు. లైటు వెలగనివాళ్లలో 80 శాతానికి పానిక్ వచ్చింది, వెలిగినవాళ్లలో 20 శాతానికే. గ్యాస్ ఒకటే, దాని మీద మనిషికున్న నమ్మకం వేరు.

నా డయల్ చొక్కా జేబులో ఉండేది: మొదటి రెండు వారాలకని ఇచ్చిన, ఆందోళనను త్వరగా తగ్గించే క్లోనజెపామ్ 0.25 స్ట్రిప్పు. వాడడం ఎప్పుడో మానేసినా, అది లేకుండా బస్సెక్కేవాణ్ణి కాదు. ఎన్నిసార్లు ఏమీ కాకపోయినా ఆ ఘనత స్ట్రిప్పుకే పోతుంది, భయం అలాగే ఉండిపోతుంది. థెరపిస్టు మొదటి రోజే పట్టేశారు. "సార్, వచ్చేసారి అది ఇంట్లో పెట్టి రండి," అన్నారు.

తర్వాత దడను కావాలనే తెప్పించడానికి ఆవిడ చేయించినవి: తిరిగే కుర్చీలో ఒక నిమిషం గిరగిరా తిరగడం, ఒక నిమిషం వేగంగా ఊపిరి తీయడం, ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో రెండు నిమిషాలు గాలి పీల్చడం. ఒక్కోదాని తర్వాత శరీరంలో ఏమైందో, భయం పదిలో ఎంతో రాయాలి. రెండుకు దిగేదాకా రోజూ అదే. ఆస్తమా, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఇవి చేయకూడదు. మధ్యలో ఆపడం, భయం ఎక్కగానే నాలుగు-ఆరు లెక్కతో దాన్ని అణచడం, ఈ రెండిటి వల్లే చాలామందికి ఫలితం రాదు. ఇక్కడ దడ రావాలి, దానంతటదే పోవాలి.

అంతకుముందు ఒక కౌన్సెలర్ "మిమ్మల్ని సమగ్రంగా చూడాలి" అని బాల్యం, ఇంటి లోను, తిండి, యోగా అన్నీ ఒకే కాగితం మీద రాసిచ్చారు. ఒక్కటీ తప్పు కాదు. అమెరికా వైద్యుడు ఎంగెల్ 1977లో శరీరం, మనసు, సమాజం మూడూ కలిపి చూడమన్నదీ సబబే. కానీ రేపు పొద్దున ఏం చేయాలో ఆ కాగితంలో లేదు. దాంట్లోంచి నాకు పనికొచ్చినవి రెండే: పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో ఐదు కాఫీలను ఒకటికి దించడం, రాత్రి పదకొండు తర్వాత పేపర్లు ముట్టకపోవడం.

చివరి పరీక్ష బస్సు. హనుమకొండ నుంచి మొదట జనగామ దాకా, ఆ తర్వాత ఉప్పల్ దాకా. తలుపు పక్కన కాదు, మధ్యలో కిటికీ సీటు. భువనగిరి దాటాక దడ మొదలైంది. జేబు ఖాళీ. నోట్‌బుక్ తీసి "ఆరు" అని రాశాను. ఘట్‌కేసర్‌లో "నాలుగు". ఉప్పల్లో దిగే తొందరలో రాయడం మర్చిపోయాను.