మా దొడ్లో ఖస్ ఆకు

కువైట్‌లోని వఫ్రాలో ఏడేళ్లుగా ఆకు పండిస్తున్నాను. మాది ఉదయగిరి దగ్గర మెట్ట ఊరు. తోటను ఇక్కడ మజ్రా అంటారు, లెట్యూస్‌ను ఖస్ అంటారు. దానికి లెట్యూస్ అనే పేరుందని సూపర్ మార్కెట్‌కు పోయే డబ్బాల మీద చూసేదాకా నాకు తెలీదు.

చలికాలంలో అయితే బయట మడుల్లోనే వస్తుంది. అసలు తంటా ఎండాకాలంలో. బయట 45 డిగ్రీలు దాటిన రోజుల్లో కూడా ఈ ఆకుకు చల్లగా ఉండాలి. షెడ్డుకు ఒక పక్క తడి ప్యాడ్లు, ఎదురు పక్క పెద్ద ఫ్యాన్లు. ఫ్యాన్లు గాలిని లాగుతుంటే అది తడిలోంచి చల్లబడి లోపలికి వస్తుంది. వఫ్రాలో బోరు నీళ్లు ఉప్పన. ప్యాడ్ల మీద తెల్లగా ఉప్పు తెట్టు కడుతుంది. దాన్ని బ్రష్షుతో గీకే పని నాది. గీకకపోతే గాలి ఆడదు, ఆకు అంచులు మాడతాయి.

ఒక జులైలో రాత్రిపూట ఒక ఫ్యాన్ ఆగిపోయింది. నాలుగు రోజులకే మొక్కల నడిమి నుంచి కాడలు లేచాయి. మన తోటకూర వెన్ను తీసినట్టే. కాకపోతే ఇది కాడ లేచిందంటే నోట్లో పెట్టలేనంత చేదు. ముదీర్, అంటే మా మేనేజరు, నా జీతంలో కోత పెట్టాడు. కాలిపోయిన మోటారుకు నేనేం చేసేది? అదే వారం మా రూములో ఏసీ కూడా చెడిపోయింది, దాని గురించి అడిగిన నాథుడు లేడు. మధ్యాహ్నం అన్నం గిన్నెలు తెచ్చుకొని ఖస్ సాళ్ల మధ్యే కూర్చునేవాళ్లం.

కోసేది తెల్లవారుజామున. మొక్క మొదలు దగ్గర కత్తి పెట్టగానే పాలు కారతాయి. కాసేపటికి వేళ్లు గోధుమరంగుకు తిరిగి జిగటగా అతుక్కుంటాయి, సబ్బుకు ఒక పట్టాన పోవు.

మొన్న డిసెంబరులో లీవుకు పోతూ కాసిని గింజలు పట్టుకెళ్లాను. జీలకర్రలో సగం కూడా ఉండవు. తడిగుడ్డలో చుట్టి ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, చిక్కుడు పాదు పక్కన చల్లాను. పైన మన్ను కప్పీ కప్పనట్టు వేయాలి, లోతుకు పోతే మొలవవు. మా వైపు చలి రాత్రులు దానికి సరిపోయాయి. నెలన్నరకు ఆకు గుబురుగా వచ్చింది.

పచ్చిగా తినాలని చెబితే అమ్మ వింటుందా! పప్పులో వేసింది. చాటెడు ఆకు చారెడైంది.

"ఏందిరా అబ్బయా, ఇది ఆకా నీళ్లా?"

ఆమె అన్నది నిజమే, అందులో నూటికి 95 పాళ్లు నీళ్లే. చింతపండు వేసి, వెల్లుల్లి తాలింపు పెట్టినా గోంగూర ముందు నిలబడలేదు. మిగిలింది మేకకు వేస్తే అది మాత్రం ఇష్టంగా తినింది.

మార్చిలో నేను మళ్లీ ఇక్కడ ప్యాడ్లు గీకుతుంటే అమ్మ వీడియో కాల్ చేసింది. ఫోను దొడ్డి వైపు తిప్పింది. రెండు మొక్కలు నడుమెత్తు లేచి ఉన్నాయి.

"పసుప్పచ్చగా పూసిందిరా, గడ్డి చామంతి మాదిరి. మేక్కూడా మూతి పెట్టడంలా. పీకేద్దునా?"

"ఉండనీమా, గింజ కడుతుంది."