మూలా నక్షత్రం రోజు అమ్మతో
నాకు దేవుడి మీద నమ్మకం పోయి పదేళ్లు దాటింది. అయినా నిన్న మూలా నక్షత్రం, దుర్గమ్మను సరస్వతీ అలంకారంలో చూడాలని అమ్మ అడిగింది. తెల్లవారుజామున మూడింటికి వినాయకుడి గుడి దగ్గర క్యూలో నిలబడ్డాం. మోకాళ్ల నొప్పులతో, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ కొండెక్కింది.

దర్శనం అయ్యాక ఉంగరపు వేలితో నా నుదుటికి కుంకుమ పెట్టబోయి ఆగింది. "పెట్టనా నాన్నా?" అంది. ఇన్నేళ్లలో మొదటిసారి అడిగింది. ఇదివరకు అడక్కుండా పెట్టేసేది, నేను తుడిచేసుకునేవాణ్ణి, ఇక రెండు రోజులు మాటలుండేవి కావు. నిన్న తల వంచాను.

మనసు మారి కాదు. 1940లో ముదునూరులో గోరా, సరస్వతీ గోరా గార్లు పెట్టి, 1947లో బెజవాడకు తెచ్చిన నాస్తిక కేంద్రం మా బెంజ్ సర్కిల్ దగ్గరే ఉంది, కాలేజీ రోజుల్లో అక్కడికి వెళ్లాకే నా ఆలోచన తప్పు కాదని ధైర్యం వచ్చింది, అది అలాగే ఉంది.

ఇంటికొచ్చాక దీపం వెలిగించమంటే మాత్రం నా వల్ల కాలేదు, అబద్ధం ఆడినట్టు ఉంటుంది. అమ్మ ఏమీ అనలేదు. తనే వెలిగించుకుని, ప్రసాదం పులిహోర నా చేతిలో పెట్టి, "తిని కాసేపు పడుకో" అంది.