పిన్నులు నేనే వంచానట! మదర్‌బోర్డు వారంటీతో నా అనుభవం

నిన్న సాయంత్రం బోర్డు చేతికొచ్చింది. రాత్రే బిగించాను, 32 జీబీ ర్యామ్ పూర్తిగా కనబడుతోంది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. నాలుగు రోజులు ఆగితే నేను కూడా "పోనీలే" అనేసే రకాన్నే.

నాది ఖమ్మంలో పెళ్ళి వీడియోల మిక్సింగ్, ఆల్బమ్ డిజైనింగ్. జీతగాళ్ళెవరూ లేరు, నేనూ నా సిస్టమూ అంతే. పన్నెండో తరం ఇంటెల్ ప్రాసెసర్, దానికి తగిన మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, అన్నీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నవి. జీఎస్టీ బిల్లు మీద బోర్డు సీరియల్ నంబరు వేయించుకునేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదల్లేదు. మీరూ కదలకండి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అనేవాడి దగ్గర అసలు కొనకండి. బోర్డుకు మూడేళ్ళ వారంటీ.

మాఘమాసం ముహూర్తాల మధ్యలో సిస్టమ్ మొండికేసింది. ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మీద ఏమీ రాదు, బోర్డు మీద ర్యామ్‌కు గుర్తుగా ఉండే పసుపు లైటు మాత్రం వెలుగుతుంది. ఒక స్టిక్కు పీకేస్తే ఆన్ అవుతుంది. ఎవరైనా ర్యామ్ పోయిందనే అనుకుంటారు. కానీ రెండు స్టిక్కుల్లో ఏది పెట్టినా మొదటి ఛానల్ (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య దారి) స్లాటులో చక్కగా నడుస్తోంది, రెండో ఛానల్‌లో ఏది పెట్టినా పసుపు లైటే. ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ఈ రోజుల్లో ప్రాసెసర్ లోపలే ఉంటుంది కాబట్టి, తప్పు బోర్డుదా ప్రాసెసర్‌దా అన్నది ఇంకా తేలదు. మా బజారులోనే ఇంకో స్టూడియో అతని దగ్గర అదే తరం ప్రాసెసర్ ఉంటే అడిగి తెచ్చి పెట్టి చూశాను. అదే లైటు. నా ప్రాసెసర్ అతని బోర్డులో రెండు ఛానళ్ళతో హాయిగా నడిచింది. అంటే బోర్డే. ఈ పరీక్ష ఇంటి దగ్గరే చేసుకుని వెళ్ళండి. లేకపోతే బోర్డు కంపెనీకి వెళ్తే ప్రాసెసర్ అంటారు, ప్రాసెసర్ కంపెనీకి వెళ్తే ర్యామ్ అంటారు, బస్సు చార్జీలు మనవి.

కొన్న షాపుకు ఫోన్ చేస్తే "మేం అమ్మేవరకే అన్నా, సర్వీస్ సెంటర్‌కు వెళ్ళండి" అన్నాడు. కంపెనీ సైట్‌లో వారంటీ ఉందని చూపించింది.

బోర్డు పెట్టెలో పెట్టే ముందు ఒక పని చేశాను, దాని గురించి కాస్త గొప్పలు చెప్పుకుంటాను. ఈ తరం బోర్డుల్లో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడులో, అంటే సాకెట్‌లోనే ఉంటాయి, మొత్తం 1700. వెంట్రుకంత సన్నగా ఉంటాయి, వేలు తగిలినా వంగుతాయి. అందుకే కొన్నప్పుడు సాకెట్ మీద వచ్చిన నల్ల ప్లాస్టిక్ మూతను జాగ్రత్తగా దాచుకున్నాను. అది లేకపోతే సర్వీస్ సెంటర్లో బోర్డు తీసుకోరు. మూత పెట్టే ముందు, పెళ్ళిళ్ళలో ఉంగరాలు, పుస్తెలు తీసే మాక్రో లెన్స్‌తో సాకెట్‌ను ఫొటోలు తీశాను. ఒక ఫ్రేములో బోర్డు మొత్తం, సీరియల్ స్టిక్కర్ చదవగలిగేలా. తరవాత దగ్గరగా, ఒక్కో మూల. ఒక్కో పిన్ను లెక్కపెట్టుకోవచ్చు.

సర్వీస్ సెంటర్లో టోకెన్, ఫారం, ఐడీ కార్డు. కౌంటర్లో అబ్బాయి మూత తీసి, లైటు వేసి, భూతద్దంతో చూసి, జాబ్ షీట్‌లో "ఫిజికల్ కండిషన్ ఓకే" అని టిక్ పెట్టాడు. నేను దాని కాపీ తీసుకుని వచ్చేశాను.

కొన్నాళ్ళకు మెసేజ్. వారంటీ రిజెక్టెడ్, సీఐడీ అని. కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్ అట, అంటే మనం చెడగొట్టామని. వెంటనే బండెక్కాను.

ఆ రోజు హాలు నిండా జనం. అదే అబ్బాయి. జాబ్ షీట్ నంబరు కొట్టి, అందరికీ వినబడేలా "సార్, పిన్నులు వంచేశారు మీరు. వారంటీ రాదు" అన్నాడు. నేను వంచలేదన్నాను. "ఇచ్చేటప్పుడు ప్రాసెసర్ మార్చి చూశానని మీరే రాశారుగా. అప్పుడే వంగాయి. యూట్యూబ్ చూసి అందరూ ఇంజినీర్లే సార్" అన్నాడు. వెనక ఇద్దరు ముగ్గురు నవ్వారు. నా పక్కన ఒకాయన, కొడుకు గేమింగ్ పీసీ పట్టుకుని వచ్చినట్టున్నాడు, వాడి వైపు తిరిగి "విన్నావా, అందుకే నిన్ను ముట్టుకోవద్దన్నది" అన్నాడు. ఈ మాట మాత్రం ఇప్పటికీ చెవుల్లో మోగుతోంది. పదేళ్ళ పైగా సొంత సిస్టమ్‌లు నేనే బిగించుకుంటున్నాను, బజారులో సగం స్టూడియోలవి నేను కట్టినవే. అక్కడ మాత్రం క్లాసులో నిలబెట్టిన పిల్లాడిలా అయిపోయాను.

వాళ్ళ వాదన పూర్తిగా గాలి మాట అయితే ఇంత బాధ ఉండేది కాదు. సాకెట్‌లో ఒక్క పిన్ను వంగినా ఒక మెమరీ ఛానల్ పోవచ్చు, అది నిజమే. అందుకే చూసేవాళ్ళందరికీ వాడే కరెక్టు అనిపిస్తుంది. బోర్డు చూపించమన్నాను. "లోపల ఉంది, కస్టమర్లకు ఎంట్రీ లేదు" అని మానిటర్ మీద ఒక ఫొటో చూపించాడు. సాకెట్ మూలన పిన్నులు వంగి ఉన్నాయి, బాగానే వంగి ఉన్నాయి. కానీ ఆ ఫొటోలో సీరియల్ నంబరు ఎక్కడా లేదు. ఇది నా బోర్డేనని ఎలా నమ్మాలి అంటే, "మేమెందుకు అబద్ధం చెప్తాం సార్" అన్నాడు. నా జాబ్ షీట్ తీసి ఓకే అని పెట్టిన టిక్ చూపించాను. "అది పైపైన చూసి పెట్టేది" అట. భూతద్దం పెట్టి చూసింది పైపైనట!

మేనేజర్ వచ్చాడు. మొదట మర్యాదగానే మాట్లాడాడు. సాకెట్ మార్చడానికి చార్జీ చెప్పాడు, అది కొత్త బోర్డు ధరలో సగానికి దగ్గర. ఒక కాగితం ముందు పెట్టాడు, డ్యామేజ్ నా వల్లే జరిగిందని ఒప్పుకుంటున్నట్టు. సంతకం పెడితేనే బోర్డు తిరిగి ఇస్తారట. సీజన్‌లో పని ఆగిపోయింది సార్ అని నోరు జారితే, దాన్నే పట్టుకున్నాడు. "అంటే కమర్షియల్ యూజ్. మీరు కన్స్యూమర్ కిందకే రారు" అన్నాడు. ఈలోపు పక్క కౌంటర్లో గడగడా ఇంగ్లీషు మాట్లాడుతున్న కుర్రాడికి కుర్చీ వేసి మాట్లాడుతున్నారు. జిల్లాల నుంచి సంచి పట్టుకుని వచ్చేవాళ్ళంటే ఈ ఏసీ హాళ్ళలో ఎప్పుడూ చులకనే.

సంతకం పెట్టలేదు. మీరూ పెట్టకండి, బోర్డు అక్కడే ఉన్నా సరే. ఎందుకు తిరస్కరించారో మెయిల్‌లో రాసి పంపమన్నాను. అక్కడే కాస్త తడబడ్డారు. నోటితో ఎంతైనా అంటారు గానీ రాసివ్వమంటే లోపలికీ బయటికీ తిరుగుతారు. గంట కూర్చున్నాక ఒక్క లైను మెయిల్ వచ్చింది.

కిందకు దిగి చాయ్ తాగుతూ 1915కు ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళు తీర్పు ఏమీ చెప్పరు. ఫిర్యాదు రాసుకుని, నంబరు ఇచ్చి, కంపెనీకి పంపిస్తారు. దీంతో ఏమవుతుందిలే అనుకునేవాళ్ళు ఉంటారు. ఆ నంబరు మన మెయిల్‌లో ఉంటే ఆ మెయిల్ చదివే మనిషి మారతాడు, అదీ దాని ఉపయోగం.

ఇంటికొచ్చి కంపెనీ ఇండియా సపోర్టుకు నేరుగా మెయిల్ రాశాను, సర్వీస్ సెంటర్‌కు కాదు. నా మాక్రో ఫొటోలు, టిక్ ఉన్న జాబ్ షీట్, వాళ్ళ ఒక్క లైను మెయిల్, 1915 ఫిర్యాదు నంబరు. మేనేజర్ చెప్పిన కమర్షియల్ సంగతికీ జవాబు రాశాను. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణ ప్రకారం, స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొనుక్కున్న వస్తువు వాణిజ్య అవసరం కిందకు రాదు. ఒక్కడినే కూర్చుని ఆల్బమ్‌లు చేసుకునే నేను వినియోగదారుడినే. పైగా ఇప్పుడు కేసు హైదరాబాద్‌లోనే వేయాలని లేదు, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కొన్నది 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఖమ్మంలోనే వేస్తాను, మీరే రండి అని రాశాను. ఈ వాక్యం రాస్తున్నప్పుడు కలిగిన తృప్తి చెప్పలేను.

లోపల పిన్నులు ఎవరు వంచారో నేను చూడలేదు. వాళ్ళు ప్రాసెసర్ పెట్టకుండా టెస్ట్ చేయలేరు కదా, ఎవరి చెయ్యి జారిందో వాళ్ళకే తెలియాలి. నా చేతిలోంచి వెళ్ళేటప్పుడు మాత్రం నిటారుగా ఉన్నాయి.

జవాబు వచ్చింది. "ప్రత్యేక పరిగణనతో, గుడ్‌విల్ కింద, ఈ ఒక్కసారికి" మార్చి ఇస్తారట. సారీ లేదు, డ్యామేజ్ నా వల్ల కాదన్న మాటా లేదు. నా హక్కును నాకే దానం చేస్తున్నట్టుంది. తిరిగి వాదించాలనిపించింది గానీ వైశాఖం ముహూర్తాలు మీద పడుతున్నాయి, ఊరుకున్నాను.

ఇచ్చింది కొత్తది కాదు, రిపేరు చేసిన బోర్డు. వారంటీలో సాధారణంగా అలాంటిదే ఇస్తారు, వారంటీ కూడా నా పాత బిల్లు తేదీ నుంచి మిగిలినంతే. కౌంటర్లోనే ప్యాకెట్ విప్పించి, ఫోన్ టార్చి వేసి నాలుగు మూలలూ చూసి, ఫొటో తీసి, కొత్త సీరియల్ నంబరు జాబ్ షీట్ మీద రాయించి, ఆ టిక్ పక్కన ఆ అబ్బాయి సంతకం కూడా పెట్టించాను. వెనక లైను కదలక గొణుగుతున్నారు. గొణగనీ.

ఓటీపీ అడిగాడు, చెప్పాను. "ఫీడ్‌బ్యాక్ లింకు వస్తుంది, పదికి పది ఇవ్వండి సార్" అన్నాడు. లింకు వచ్చింది. ముందు ఆగిపోయిన రెండు ఆల్బమ్‌లు ప్రింటింగ్ ల్యాబ్‌కు పంపాలి, దాని సంగతి ఆ తరవాత.