తొమ్మిది వేల మైళ్ళే తిరిగిన బెల్టు మార్చాలా? నా పోర్షా 944 అనుభవం

నేను టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఉంటాను. పాత స్పోర్ట్స్ కార్లంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. 2023లో ఒక పెద్దాయన దగ్గర 1986 మోడల్ పోర్షా 944 కొన్నాను. కారుతోపాటు ఆయన లావుపాటి ఫైలు ఒకటి చేతిలో పెట్టారు. చేయించిన ప్రతి పనికీ బిల్లు అందులో ఉంది. 944 కొనేవాళ్ళు పెయింటు కంటే, సీట్ల కంటే ముందు వెతకాల్సింది టైమింగ్ బెల్టు బిల్లు. నాకు దొరికిన దాని మీద 2011 అని ఉంది. ఆ తర్వాత కారు తిరిగింది 9,000 మైళ్ళే.

మైళ్ళు చూస్తే బెల్టు కొత్తదే. ఏళ్ళు చూస్తే పన్నెండేళ్ళది. దేన్ని నమ్మాలో తేల్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఇంత ఆలోచన ఎందుకంటే, ఈ 2.5 లీటర్ల ఇంజిన్ ఇంటర్‌ఫియరెన్స్ రకం. కింద పిస్టన్లను ఆడించే క్రాంక్‌షాఫ్ట్, పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒకే లయలో తిరగాలి. ఆ రెంటినీ కలిపి ఉంచేది పళ్ళున్న ఆ రబ్బరు బెల్టే. వాల్వు కిందికి తెరుచుకునే చోటికే పిస్టన్ కూడా పైకి వస్తుంది. లయ ఉన్నంతసేపు రెండూ తగలవు. బెల్టు తెగితే క్యామ్ ఆగిపోతుంది, క్రాంక్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి 3,000 చుట్లు) దగ్గర ఒక్కో పిస్టన్ సెకనుకు యాభై సార్లు పైకొస్తుంది. తెరుచుకుని ఆగిన వాల్వులను అది గుద్దితే అవి వంగిపోతాయి. బ్రేకు వేసేలోపే అంతా అయిపోతుంది. తర్వాత వాల్వులుండే ఇంజిన్ పైభాగం, అంటే సిలిండర్ హెడ్, విప్పాల్సిందే.

ఎంత కాలానికి మార్చాలి అని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో మాట. కంపెనీ లెక్క 45,000 మైళ్ళు అంటారు. ఈ కార్లను ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళు 30,000 మైళ్ళు లేదా మూడు నాలుగేళ్ళు, ఏది ముందొస్తే అది అంటారు. నాకు ఈ రెండోదే సబబనిపించింది. షెడ్డులో పడి ఉన్న కారు బెల్టుకు విశ్రాంతి దొరికినట్టు కాదు. రబ్బరు అదే చోట వంగి, అదే బిగువులో నెలల తరబడి ఉండిపోతుంది. పైగా డాలస్ ఎండాకాలంలో మూసిన గ్యారేజీ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు.

కార్ల పిచ్చి ఉన్న ఒక స్నేహితుడు వచ్చి, "అన్నా, ముందు ఒకసారి చూద్దాం, పగుళ్ళు లేకపోతే ఇంకో ఏడాది నడుపు" అన్నాడు. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, పై కవరు విప్పి, టార్చి వేసి చూశాం. బెల్టు వీపు నున్నగా ఉంది. అంచులు కూడా బాగానే ఉన్నాయి. కానీ చూసింది ఒక జానెడు. లోపలి దారాలు, పళ్ళ మొదళ్ళు పైకి కనబడవు. కంటికి బాగుంది కదా అని వదిలేస్తే, బెల్టు మీద కాకుండా అదృష్టం మీద బండి నడిపినట్టే. కవరు కింది మూలలో వేలు పెడితే నూనె తడి తగిలింది. నా అనుమానాలు ఆ తడితోనే తీరిపోయాయి. నూనె బయటికి రాకుండా ఆపే ముందు వైపు ఆయిల్ సీల్స్ కారుతున్నాయి, ఆ నూనె రబ్బరును తినేస్తుంది.

గుంటూరుకు ఫోన్ చేసినప్పుడు నాన్నకు చెప్పాను. ఆయన మారుతి 800ను ఏళ్ళ తరబడి నడిపిన మనిషి, దానికీ టైమింగ్ బెల్టే. ముందు "నడుస్తున్న బండిని ఎందుకురా విప్పడం?" అన్నారు. తెగితే ఇంజిన్ గతేంటో వివరంగా చెప్పాక, "మరి ఇంకా ఆలోచన దేనికి? మార్పించెయ్" అన్నారు.

తర్వాత తేల్చుకోవాల్సింది, ఏమేం మార్చాలన్నది. 944లో బెల్టులు రెండు. రెండోది బ్యాలెన్స్ షాఫ్టులను తిప్పుతుంది. పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజిన్ అదురు తగ్గించడానికి పోర్షా ఆ పద్ధతిని మిత్సుబిషి నుంచి లైసెన్సు మీద తీసుకుంది. అది తెగినా కారు నడుస్తుంది గానీ, దాని ముక్కలు టైమింగ్ బెల్టులో పడితే మళ్ళీ అదే ప్రమాదం. వాటర్ పంపును తిప్పేది కూడా టైమింగ్ బెల్టే. పంపు బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టు కూడా నిలవదు. అందుకే రెండు బెల్టులు, రోలర్లు, పంపు, ముందు సీల్స్ అన్నీ ఒకేసారి మార్చమన్నాను. కూలీ ఎలాగూ ఇస్తున్నప్పుడు పాత పంపును లోపలే ఉంచడం నాకు నచ్చలేదు.

పాత పోర్షాలు చేసే షాపు మా ఇంటికి ఇరవై మైళ్ళు. నడుపుకుంటూ వెళ్ళిపోదామా అని ఒక క్షణం అనిపించింది. అన్నేళ్ళు తెగకుండా నిలిచిన బెల్టు ఈ ఇరవై మైళ్ళు నిలవదా? నిలుస్తుందేమో. అయినా మార్చాలని తేల్చుకున్నాక ఆ పందెం ఎందుకని ఫ్లాట్‌బెడ్ ట్రక్కు పిలిచాను.

షాపులో మెకానిక్ విప్పిన సామాను బల్ల మీద పరిచి నన్ను పిలిచాడు. బెల్టును వెనక్కి వంచి పట్టుకుంటే, నిటారుగా ఉన్నప్పుడు కనబడని సన్నటి గీతలు పళ్ళ మొదళ్ళలో తేలాయి. ఒక అంచు నూనెకు నల్లబడి, వేలికి జిగురుగా తగిలింది. రోలర్‌ను చేత్తో తిప్పితే లోపల ఇసుక ఉన్నట్టు గరగరలాడింది. వాటర్ పంపు షాఫ్టు అటూ ఇటూ ఊగింది. నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ పంపే.

బిల్లు రెండు వేల డాలర్లు దాటింది. నాకు తక్కువ మొత్తమేం కాదు. హెడ్ విప్పే పని పడితే ఇంతకు ఎన్నో రెట్లయ్యేది.

ఒక విషయం మాత్రం 944 ఉన్నవాళ్ళు మర్చిపోకండి. 1986 కారులో బెల్టు బిగువు చేత్తో సరిచేయాలి. బిగువు పెట్టే స్ప్రింగు టెన్షనర్ ఆ తర్వాతి మోడళ్ళలో వచ్చింది. బిగువు ఎక్కువైతే పంపు బేరింగ్ అరుగుతుంది, తక్కువైతే బెల్టు పళ్ళు జారి లయ తప్పుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, బిగువు కొలిచే గేజ్ పెట్టి చూడాలి. కొత్త బెల్టు మొదట్లో కొంత సాగుతుంది కాబట్టి, 1,500 మైళ్ళ దగ్గర మళ్ళీ తీసుకెళ్ళాను. గేజ్ పెడితే కాస్త వదులైనట్టు తేలింది, సరిచేశారు. తేదీ, మైళ్ళు రాసిన స్టిక్కర్ బానెట్ లోపల అంటించాను. దాని కింద, మైళ్ళు ఎన్నైనా సరే మళ్ళీ 2027లో మార్చాలని రాశాను.