కోతకు ముందు ఒక్క ఇంజెక్షన్

మొదటి సిజేరియన్ అయిన ఆరో రోజున నా కుట్ల చుట్టూ ఎర్రబడి, మర్నాటికి చీము పట్టింది. బిడ్డను ఎత్తుకోవడానికి వంగితే ప్రాణం పోయినట్లుండేది; కట్టు మార్పించుకోవడానికి పదిహేను రోజులు ఆసుపత్రి చుట్టూ తిరిగాను. అందుకే రెండోసారీ ఆపరేషన్ తప్పదని తేలినప్పుడు డాక్టరుగారిని మొట్టమొదట ఆ చీము గురించే అడిగాను.

కోత పెట్టడానికి ముందు గంటలోపు సెఫాజోలిన్ అనే యాంటీబయోటిక్‌ను ఒక్క మోతాదు నరంలోకి ఇస్తామని, చర్మం తెరిచే వేళకే మందు రక్తంలోనూ కణజాలంలోనూ చేరి ఉంటే లోపలికి జారిన క్రిములు నిలదొక్కుకోలేవని ఆవిడ వివరించారు. మందు బిడ్డకు చేరుతుందన్న జంకుతో ఒకప్పుడు బొడ్డుతాడు బిగించాకే ఇచ్చేవారట. ముందే ఇస్తే తల్లికి ఇన్ఫెక్షన్ ముప్పు మరింత తగ్గుతుందనీ, బిడ్డకు ఇన్ఫెక్షన్లు పెరగడం లేదనీ పరిశోధనల్లో తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కోతకు ముందే ఇవ్వాలని సిఫారసు చేసింది.

సెఫాజోలిన్ పెన్సిలిన్‌కు దగ్గరి మందు కావడంతో, పెన్సిలిన్ పడదా అని ముగ్గురు వేర్వేరుగా అడిగారు. చిన్నప్పుడు ఏదో మాత్రకు దద్దుర్లు వచ్చాయని చెప్పాను. అమ్మకు ఫోన్ చేసి ఆరా తీస్తే అది జ్వరం మాత్ర అని తెలిసింది. పెన్సిలిన్‌తో తీవ్రమైన ఎలర్జీ వచ్చి ఉంటే దీనికి బదులు క్లిండమైసిన్, జెంటమైసిన్ అనే వేరే యాంటీబయోటిక్‌లు కలిపి ఇచ్చేవారట.

థియేటర్‌లో నర్సుగారు సీసా మీది పేరు పైకి చదివి, 2 గ్రాముల మందును నరంలో పెట్టిన క్యానులా గొట్టం గుండా నెమ్మదిగా ఎక్కించారు. మోచేతి దాకా చల్లగా పాకింది. ఆవిడ గోడ గడియారం చూసి కేస్ షీట్‌లో సమయం రాసుకున్నాకే వెన్నులో మత్తు ఇచ్చారు. పక్క మంచం ఆవిడకు నొప్పులు మొదలై, ఉమ్మనీరు పోయాక ఆపరేషన్ చేయాల్సి రావడంతో అజిత్రోమైసిన్ అనే మరో యాంటీబయోటిక్ కూడా ఇచ్చారని తర్వాత తెలిసింది.

ఇంటికి పంపేటప్పుడు యాంటీబయోటిక్ మాత్రలు రాయకపోవడంతో నాకు గుబులు పుట్టి, కాస్త వాదించాను కూడా. ఇన్ఫెక్షన్ లక్షణాలు లేనప్పుడు ఆ మోతాదు చాలునని, అనవసరంగా కొనసాగిస్తే మందుకు లొంగని క్రిములు పెరుగుతాయని డాక్టరుగారు ఓపికగా చెప్పారు. జ్వరం, దుర్వాసనతో స్రావం, పొత్తికడుపులో పెరిగే నొప్పి, కుట్ల దగ్గర వాపు, వీటిలో ఏది కనిపించినా వెంటనే రమ్మన్నారు.

ఆరో రోజు పొద్దున్నే చేతి అద్దం పట్టుకుని చూసుకున్నాను. కుట్టు పొడిగా, సన్నని గీతలా ఉంది. నమ్మకం చాలక ఏడో రోజూ చూసుకున్నాను.