కడగని మట్టిలో కలుపుమందు జాడ

మట్టిని ద్రావణితో కడిగి పరీక్షిస్తే రేణువును వదిలి వచ్చిన రసాయనమే లెక్కకు వస్తుంది. గట్టిగా అంటుకున్నది అక్కడే ఉండిపోతుంది. అందుకే ఈసారి అట్రజిన్ అనే కలుపుమందు పట్టించిన మట్టిని కడగకుండానే ద్వితీయ అయాన్ మాస్ స్పెక్ట్రోమీటరులో, అంటే అయాన్లతో కొట్టి, నమూనా నుంచి లేచి వచ్చే అయాన్ల ద్రవ్యరాశిని కొలిచే పరికరంలో పెట్టాను. దూసుకొచ్చిన అయాన్లు తాకిన చోట పైపైనున్న అణుపొరలే లేచి వస్తాయి కనుక, కనిపించేదంతా ఉపరితలానిదే. ద్రవ్యరాశి 216 వద్ద ఒక శిఖరం, 218 వద్ద దానిలో సుమారు మూడో వంతు ఎత్తున మరొకటి లేచాయి. అట్రజిన్‌లోని క్లోరిన్ 35, 37 ఐసోటోపుల వల్ల ఏర్పడే ఈ జంటను చూడగానే నిజంగా సంబరపడ్డాను. మట్టి విద్యుత్తును సరిగా ప్రసరింపజేయదు కాబట్టి, పేరుకున్న ఆవేశాన్ని ఎలక్ట్రాన్లతో తటస్థం చేయడానికే నా ఓపికంతా ఖర్చయింది. శిఖరం ఎత్తును బట్టి పరిమాణం చెప్పమంటే మాత్రం ఒప్పుకోను: అదే మోతాదు ఇసుక మీద ఒకలా, హ్యూమస్ (కుళ్ళిన సేంద్రియ పదార్థం) మీద మరోలా కనిపించవచ్చు.